చెయ్యి నిలిస్తేనే చూపు

విశాఖపట్నంలో దూరం ఖాళీగా ఉండదు. ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుంటే ఎదురుగా బెర్తు కోసం లంగరేసుకుని నిరీక్షించే ఓడలు, కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమవైపు కైలాసగిరి. ఊరిని ఆనుకునే కంబాలకొండ అడవి. గాజువాక దాటితే ఉక్కునగరం చెట్లు, అనకాపల్లి వైపు వెళితే కొండకర్ల ఆవ. ఇన్ని పెట్టుకున్న ఊళ్ళో ఒక బైనాక్యులర్ కొనుక్కోవాలనిపించడం సహజమే. ఆలోచించాల్సింది, అలా కొన్నవి చాలా ఇళ్ళల్లో ఏడాది తిరక్కుండానే బీరువా పైఅరకు ఎందుకు చేరుతున్నాయన్నది.

కారణాలు సాధారణంగా రెండు. పెద్ద అంకె చూసి కొనడం ఒకటి. కొన్నాక ఉప్పుగాలికి వదిలేయడం రెండోది. మొదటిదాని వల్ల చూసినప్పుడల్లా దృశ్యం వణుకుతుంది, తల నొస్తుంది, విసుగు పుడుతుంది. రెండోదాని వల్ల ఒక వానాకాలం గడిచేసరికి అద్దం మీద బూజు అల్లుకుంటుంది. రెండింటికీ మందు నిలకడే. పరికరాన్ని నిలకడగా పట్టుకోవాలి, దాని బాగోగులు నిలకడగా చూసుకోవాలి. ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఈ రెండు పనుల గురించే.

1. ముందు కాగితం, తర్వాత దుకాణం

కొనే ముందు ఒక కాగితం తీసుకుని ‘నేను చూడబోయేవి’ అని రాయండి. ‘అన్నీ’ అని రాసి సరిపెట్టకండి. ఎక్కడ నిలబడి, ఏ వేళప్పుడు, దేన్ని చూస్తారో రాయండి. విశాఖవాసి జాబితా సాధారణంగా మూడు వరసల్లోకి వస్తుంది.

మొదటిది సముద్రం. ఇక్కడ ముందుగా తెలుసుకోవాల్సింది, భూమి గుండ్రంగా ఉండటం వల్ల మన చూపుకు ఒక హద్దు ఉందని. నీటిమట్టం నుంచి మీ కన్ను ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిఙ్మండలం ఎన్ని కిలోమీటర్ల దూరాన ఉందో తెలుస్తుంది. అలలు తాకే చోట నిలబడ్డ మనిషికి అది ఐదు కిలోమీటర్లు కూడా లేదు. 15 కిలోమీటర్ల దూరంలో ఒక ఓడ ఉందనుకుందాం. దాని అడుగుభాగం దాదాపు ఎనిమిది మీటర్ల మేర నీటి వంపు వెనక దాగిపోతుంది. ఎంత ఖరీదైన బైనాక్యులరూ ఆ వంపును దాటి చూపించలేదు. అదే వంద మీటర్ల ఎత్తున్న గుట్ట ఎక్కితే హద్దు 36 కిలోమీటర్ల దాకా జరుగుతుంది. అంటే ఓడలు బాగా కనపడటం లేదని పెద్ద అంకె కొనబోయేవాళ్ళు ముందు కైలాసగిరి మెట్లు ఎక్కి చూడటం మంచిది. డబ్బు మిగులుతుంది.

వేళ కూడా ముఖ్యమే. మన తీరం తూర్పు ముఖంగా ఉంది. ఉదయం సూర్యుడు ఎదురుగా ఉంటాడు కనుక ఓడలు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. సాయంత్రం నాలుగు దాటాక ఎండ మన వీపు మీదుగా వెళ్ళి ఓడ పక్కభాగం మీద పడుతుంది. పేర్లు, రంగులు, డెక్కు మీద క్రేన్లు అప్పుడే విడివిడిగా తెలుస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం వేడికి గాలి అలలు అలలుగా కదులుతుంది. బైనాక్యులర్ ఆ కదలికను కూడా పెద్దది చేసి చూపిస్తుంది.

రెండోది పక్షులు. కొండకర్ల ఆవలో రెండు తాటిదోనెల్ని జతకట్టిన పడవ మీద కూర్చుని బుడుబుంగను చూడాలంటే పడవ ఊగుతుంది, పిట్ట మునుగుతుంది, మళ్ళీ ఎక్కడ తేలుతుందో తెలియదు. కంబాలకొండలో పిట్ట దగ్గరే ఉంటుంది గానీ ఆకుల మధ్య, నీడలో ఉంటుంది. ఫిషింగ్ హార్బర్ మీద గరుడపక్షి తలపై నుంచి గిర్రున తిరుగుతుంది. ఈ మూడు చోట్లా కావాల్సింది విశాలంగా కనపడటం, కాంతి ఎక్కువ రావడం, చప్పున గురి కుదరడం.

మూడోది ఆకాశం. చంద్రుడి మీద గుంటలు, కృత్తికల గుంపు, మృగశిర దగ్గరి నెబ్యులా, గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలు. ఊరి దీపాలకు దూరంగా అరకు వైపు వెళితే మే నెల రాత్రుల్లో దక్షిణ దిక్కున ఒమెగా సెంటారీ అనే నక్షత్రాల ముద్ద కనిపిస్తుంది. ఐరోపాలో చాలా దేశాలవాళ్ళకు ఆ భాగ్యం లేదు, వాళ్ళ ఆకాశంలో అది దిఙ్మండలం పైకి రాదు.

జాబితాలో ఏ వరస పొడుగ్గా ఉందో చూసుకోండి. మీరు కొనాల్సింది ఆ వరస కోసం.

2. రెండంకెల లెక్క

ప్రతి బైనాక్యులర్ మీదా 8×42, 10×50 అని రెండంకెలు ఉంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందరి కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే అంకె అసలైనది: కంటి వైపు నుంచి బయటికొచ్చే కాంతి కట్ట వెడల్పు. 8×42కి అది 5.25 మిల్లీమీటర్లు. 7×50కి ఏడు దాటుతుంది. జేబులో పట్టే 8×25కి మూడే.

ఈ అంకెను మీ కంటిపాపతో పోల్చుకోవాలి. పట్టపగలు పాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, కాబట్టి ఎండలో చిన్న బైనాక్యులరూ సరిపోతుంది. చీకట్లో కుర్రవాళ్ళ పాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. యాభై దాటినవాళ్ళకు ఐదు దగ్గర ఆగిపోవడం మామూలే. అందువల్ల ఓడల్లో రాత్రి కాపలాకు పేరుపడ్డ 7×50ని రిటైరైన పెద్దాయన కొంటే, అది ఇచ్చే కాంతిలో కొంత ఆయన కంట్లోకి వెళ్ళదు. కిలో బరువు మాత్రం పూర్తిగా మెడకు తగులుతుంది.

ఇక మొదటి అంకె. దృశ్యాన్ని పెద్దది చేసే ప్రతి పరికరం చేతి వణుకునూ అన్ని రెట్లు పెద్దది చేస్తుంది. ఎనిమిది రెట్ల దాకా దాదాపు ఎవరి చెయ్యైనా నిలుస్తుంది. పది రెట్లకు కొంత సాధన కావాలి. పన్నెండు దాటితే స్టాండు ఉండాల్సిందే. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనిపించే వెడల్పు తగ్గుతుంది. ఏడున్నర డిగ్రీల వెడల్పున్న 8×42లో కిలోమీటరు దూరాన సుమారు 130 మీటర్ల మేర ఒకేసారి కనిపిస్తుంది. అంత వెడల్పు ఉంటేనే ఎగిరే పిట్ట చూపులోంచి జారిపోదు. ఓడ డెక్కు మీద ఉద్యోగం చేసేవాళ్ళు ఏడు రెట్లతో తృప్తిపడేది వాళ్ళకు పెద్దవి దొరక్క కాదు. ఊగే నేల మీద అంతకు మించి నిలవదని వాళ్ళకు తెలుసు.

ఆన్‌లైన్‌లో ‘60×60’, ‘180 రెట్ల జూమ్’, ‘మిలిటరీ’ అంటూ వెయ్యి రూపాయలకు అమ్మేవాటి సంగతి ఈ లెక్కతోనే తేలిపోతుంది. అరవైని అరవైతో భాగిస్తే ఒక మిల్లీమీటరు. నిజంగా అన్ని రెట్లే ఉంటే పట్టపగలే మసకచీకటి కనిపించాలి. అలా కనిపించకపోతే ఆ అంకె అబద్ధం. ఎర్రగా మెరిసే కటకాలున్నవీ వద్దు. ఆ ఎరుపు మెరుపుకే గానీ చూపుకు మేలు చేయదు, రంగుల్ని చెడగొడుతుంది.

క్లుప్తంగా: ఒక్కటే కొనగలిగితే 8×42. ఆకాశమే ప్రధానమైతే, చేతులు గట్టివైతే 10×50. పడవలో పనిచేసేవాళ్ళకు 7×50. ఇంట్లో పిల్లలకు, ప్రయాణాలకు 8×25 లేదా 8×32.

3. లోపల ఏముందో తెలిసి కొనండి

ముందరి కటకం ఇచ్చే ప్రతిబింబం తలకిందులుగా ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి లోపల ప్రిజమ్‌లు పెడతారు. 1854లో ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో కనిపెట్టిన అమరికలో గొట్టం మధ్యలో ఒక మెట్టు తిరిగినట్టుంటుంది. పాత సినిమాల్లో సైనికాధికారి చేతిలో చూసేది ఆ రకమే. 1894లో జర్మనీలోని జైస్ సంస్థ ఆ పద్ధతిలో తయారు చేసి మార్కెట్లోకి తెచ్చింది. రెండోది రూఫ్ ప్రిజమ్, గొట్టాలు నిటారుగా, సన్నగా ఉంటాయి. తక్కువ ధరలో పోరో మంచి బొమ్మ ఇస్తుంది. రూఫ్ రకం తేలిగ్గా ఉంటుంది, నీరు చొరకుండా బిగించడం సులువు. అయితే దానికి ‘ఫేజ్ కోటింగ్’ ఉందో లేదో అడగాలి. అది లేకపోతే సన్నని వివరాలు మెత్తబడతాయి.

పూత పూయని అద్దపు ఉపరితలం ఒక్కొక్కటీ దాదాపు నాలుగు శాతం కాంతిని వెనక్కి కొట్టేస్తుంది. బైనాక్యులర్‌లో ఇలాంటి ఉపరితలాలు పది దాకా ఉంటాయి. అందుకే 1935లో జైస్ శాస్త్రవేత్త స్మకులా కనిపెట్టిన ప్రతిఫలన నిరోధక పూత ఈ రంగాన్నే మార్చేసింది. పెట్టె మీద ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ అని ఉండాలి. ‘కోటెడ్’ అని మాత్రమే ఉంటే ఏదో ఒక ఉపరితలానికి ఒక పూత పూశారని అర్థం.

సముద్రపు ఊళ్ళో ఉండేవాళ్ళు మరో రెండు మాటల కోసం వెతకాలి: ‘వాటర్‌ప్రూఫ్’, ‘నైట్రోజన్ ఫిల్డ్’. గొట్టంలోంచి తేమగాలిని తోసేసి పొడి నైట్రోజన్ నింపి రబ్బరు వలయాలతో బిగిస్తారు. లోపల తేమ లేకపోతే లోపలి వైపు ఆవిరి పట్టదు, బూజుకు ఆధారం దొరకదు. పొడిగాలి ఉండే ఊళ్ళో ఉండేవాడికి ఇది విలాసం కావచ్చు, విశాఖ తీరాన పెదజాలారిపేటలో ఉండేవాడికి అవసరం.

పేరున్న కంపెనీల పోరో రకాలు సుమారు ఆరేడు వేల రూపాయల దగ్గర మొదలవుతాయి. నీరు చొరని 8×42లకు పది పదిహేను వేలు పెట్టాలి. స్వరోవ్‌స్కీ, లైకా లాంటివి లక్షలు దాటతాయి. పదిహేను వేలదానికీ లక్షన్నరదానికీ తేడా ఉంది, కానీ అది మసక వెలుతురులో, అంచుల్లో కనిపించే తేడా. మొదటిసారి కొనేవాళ్ళు దాని కోసం అప్పు చేయక్కర్లేదు.

ఈ అద్దాల పని మనకు పరాయిదేమీ కాదు. 1926లో మచిలీపట్నంలో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాలకు పేరు పొందింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది. సైన్యం రాత్రిపూట వాడే దృశ్య పరికరాలు అక్కడ తయారవుతున్నాయి.

4. దుకాణంలో పదినిమిషాలు

వీలైనంత వరకు చేత్తో పట్టుకుని చూసి కొనండి. ద్వారకానగర్‌లోనో జగదాంబ దగ్గరో కెమెరా దుకాణానికి వెళితే, దుకాణం గుమ్మం బయటికి వచ్చి చూస్తానని అడగండి. షోకేసు ఎదురుగా ఉన్న గోడను చూపించి ‘ఎంత క్లియర్‌గా ఉందో చూడండి సార్’ అంటే ఏమీ తెలియదు.

మొదట, బైనాక్యులర్‌ను చేతుల దూరాన పట్టుకుని తెల్లటి ఆకాశం వైపు తిప్పండి. కంటివైపు కటకాల్లో రెండు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి చక్కగా గుండ్రంగా ఉంటే లోపల మంచి గాజు ఉన్నట్టు. పోరో రకంలో అంచులు బూడిదరంగుతో నలుపలకలుగా కనిపిస్తే ప్రిజమ్‌లకు చౌకరకం గాజు వాడినట్టు.

తర్వాత దూరంగా ఉన్న కరెంటు తీగనో సైన్‌బోర్డు అంచునో చూస్తూ, బైనాక్యులర్‌ను మెల్లగా కళ్ళ నుంచి ముందుకు జరపండి. రెండు గొట్టాల్లోనూ గీత ఒకే ఎత్తున ఉండాలి. ఒకదానిలో పైకి, ఇంకొకదానిలో కిందికి ఉంటే రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడటం లేదు. అలాంటిదానితో చూస్తే మెదడు ఆ తేడాను సర్దడానికి తంటాలుపడి పావుగంటలో తలనొప్పి తెప్పిస్తుంది. ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోవద్దు.

మూడోది, ఆకాశం ముందు నిలబడ్డ టవరు అంచునో క్రేను బూమునో చూడండి. అంచు వెంట ఊదారంగు గీత పలుచగా ఉండటం మామూలు. మందంగా ఉంటే పక్కన పెట్టండి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు ‘ఐ రిలీఫ్’ ఎంతో అడగాలి. 15 మిల్లీమీటర్లకు తక్కువైతే అద్దాలు తీస్తే గానీ పూర్తి దృశ్యం కనపడదు. 17, 18 ఉంటే హాయి. చివరిగా, ఐదు నిమిషాలు మెడలో వేసుకుని దుకాణంలో తిరగండి. బరువు గురించి ఆ ఐదు నిమిషాలు చెప్పేది ఏ ప్రకటనా చెప్పదు.

5. మీ కళ్ళకు కుదుర్చుకోండి

చాలామంది ‘నాకు రెండు సున్నాలు కనిపిస్తున్నాయి’ అంటారు. సినిమాల్లో అలాగే చూపిస్తారు గనుక అదే సరైనదనుకుంటారు. నిజానికి ఒకే వృత్తం కనిపించాలి. మధ్య మడతను వంచుతూ, రెండు వృత్తాలు కలిసి ఒకటయ్యే చోట ఆపండి. కళ్ళజోడు లేకపోతే కంటి కప్పుల్ని పైకి తిప్పండి, ఉంటే కిందికి దించండి.

మన రెండు కళ్ళకూ చూపు సమానంగా ఉండదు. అందుకోసం సాధారణంగా కుడి గొట్టం మీద ఒక చిన్న వలయం ఉంటుంది. ముందు కుడి కటకాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో దూరపు అక్షరాల్ని చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమదాన్ని మూసి, చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి వలయాన్ని మాత్రం తిప్పి అవే అక్షరాలు స్పష్టమయ్యేలా చేయండి. వలయం మీది గుర్తు ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకోండి. ఇక నుంచి మధ్య చక్రం ఒక్కటే తిప్పితే చాలు. ఇంట్లో నలుగురు వాడితే నలుగురి గుర్తులూ పెట్టెలో ఒక చీటీ మీద రాసి ఉంచండి. బైనాక్యులర్ బాగోలేదని పక్కన పడేసేవాళ్ళలో చాలామంది ఈ వలయం జోలికే వెళ్ళి ఉండరు.

పట్టుకునే తీరు: మోచేతులు గాల్లో రెక్కల్లా చాచవద్దు, పక్కటెముకలకు ఆనించండి. గోడ ఉంటే వీపు ఆనించండి. బీచ్ గోడ మీద కూర్చుంటే మోకాళ్ళ మీద మోచేతులు పెట్టండి. ఊపిరి సగం వదిలి ఒక్క క్షణం ఆపండి. పిట్ట కనిపించినప్పుడు చూపు దాని మీద నుంచి తీయకుండానే బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి. కిందికి చూసి, బైనాక్యులర్ అందుకుని, మళ్ళీ చెట్టు మీద వెతికేవాడికి పిట్ట దొరకదు.

6. ఉప్పు, దుమ్ము, బూజు

విశాఖలో బైనాక్యులర్‌కు ముగ్గురు శత్రువులు. ముగ్గురూ ఏడాది పొడుగునా ఊళ్ళోనే ఉంటారు.

ఉప్పు. బీచ్‌లో గంటసేపు నిలబడితే కళ్ళజోడు మీద పలుచటి పొర పడుతుంది కదా, బైనాక్యులర్ మీదా అదే పడుతుంది. తడిగా ఉన్నా అది లోహపు భాగాల్ని తినేస్తుంది. ఎండి గడ్డకట్టి స్ఫటికమైతే గీతలు పెడుతుంది. కాబట్టి ఇంటికి రాగానే మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి బట్టతో ఒంటినంతా తుడవండి. నీరు చొరనిదైతే కటకాల మీద కొంచెం మంచినీళ్ళు జారవిడిచి ఉప్పును కరిగించవచ్చు. ‘ఐపీఎక్స్7’ గుర్తు ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని అర్థం, కానీ కుళాయిని జోరుగా వదిలి కడగడానికి అది అనుమతి కాదు. గుర్తు లేనిదాని మీద నీళ్ళు పోయనే వద్దు.

దుమ్ము. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుతూ ఎక్కుతూ ఉంటాయి. వన్‌టౌన్‌లో కిటికీ చువ్వ మీద వేలు రాస్తే నల్లగా అంటుతుంది. ఇనుప ఖనిజపు రేణువుకు గాజుతో సమానమైన కాఠిన్యం ఉంటుంది. భీమిలి తీరపు ఇసుకలో గార్నెట్ ఉంది. అది గాజు కంటే గట్టిది, గరుకు కాగితాల తయారీకి, ఇనుప పలకల తుప్పు వదలగొట్టడానికి వాడతారు. అలాంటి రేణువు అద్దం మీద ఉండగా లుంగీ అంచుతోనో చీర చెంగుతోనో రుద్దడమంటే చేతులారా గీతలు గీయడమే. వరస ఇది: మొదట రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టాలి. తర్వాత మెత్తటి బ్రష్షు. ఆ తర్వాతే, మరక మిగిలి ఉంటే, లెన్స్ ద్రవం ఒక చుక్క మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసి, మధ్య నుంచి అంచుకు గుండ్రంగా తేలిగ్గా తుడవాలి. ద్రవాన్ని నేరుగా అద్దం మీద పోయకండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. ఇంట్లో అద్దాలు తుడిచే ద్రవాలు పూతను తినేయవచ్చు, వాటి జోలికి పోకండి. అన్నిటికంటే ముఖ్యం, ఊరికే తుడవకండి. నాలుగు దుమ్ము రేణువులుంటే చూపుకేమీ కాదు. రోజూ తుడిస్తేనే పూత అరుగుతుంది.

బూజు. ముగ్గురిలో మొండిది ఇదే. గాలిలో తేమ 65, 70 శాతం దాటిన చోట, చీకట్లో, గాలి ఆడని అరలో ఇది పెరుగుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు అలాంటివే. సాలెగూడు లాంటి పోగులు అద్దం మీద అల్లుకుని, ఆమ్లం వదిలి పూతను కొరుకుతాయి. మొదట్లో తుడిస్తే పోతుంది. ఆలస్యమైతే బూజు పోయినా దాని మచ్చ పోదు. నెలకోసారి ముందరి కటకంలోకి టార్చి వేసి, ఏటవాలుగా లోపలికి చూడండి. తెల్లటి పోగులు కనిపిస్తే వెంటనే కటకాలు బాగుచేసేవాళ్ళకు ఇవ్వండి. మీరే స్క్రూలు విప్పకండి. విప్పిన గొట్టాలు మళ్ళీ ఒకే దిక్కుకు చూసేలా బిగించడానికి పనిముట్లు వేరే ఉంటాయి.

రాకుండా చూసుకోవడం చవక. బైనాక్యులర్‌తో వచ్చిన తోలు సంచీ ప్రయాణానికే, నిల్వకు కాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అందులో సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు పెట్టండి. తేమ 40, 50 శాతం మధ్య ఉంటే మంచిది. మరీ ముప్పైకి దిగితే లోపలి గ్రీజు ఎండిపోవచ్చు. సిలికా జెల్ నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారితే నిండినట్టే. తీసి వేడిచేసి ఆరబెడితే మళ్ళీ పనికొస్తుంది. బట్టల్లో వేసే కలరా ఉండల్ని మాత్రం ఈ డబ్బా దగ్గరికి రానివ్వకండి. వాటి ఆవిరి అద్దం మీద పొరకడుతుంది. ఇవన్నీ చేయలేనివాళ్ళకు ఇంకో మార్గం ఉంది: రోజూ వాడటం. వెలుతురూ గాలీ తగులుతున్న అద్దం మీద బూజు అంత తొందరగా నిలదొక్కుకోలేదు.

మే నెలలో ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బాల్కనీలోకి తెస్తే కటకాలకు ఆవిరి పడుతుంది. తుడవకండి. సంచీలోనే ఉంచి పావుగంట ఆగితే దానంతటదే సర్దుకుంటుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. లోపలి జిగురు, గ్రీజు ఆ వేడికి తట్టుకోవు.

7. చూడకూడనివి మూడు

సూర్యుడు. సూర్యోదయం సముద్రం మీదే జరిగే ఊరు కనుక ఈ ప్రమాదం మనకు ఎక్కువ. బైనాక్యులర్‌లోంచి సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా రెటీనా కాలిపోవచ్చు, నొప్పి కూడా తెలియదు. పొద్దున్నే ఓడల్ని వెతుకుతూ పక్కకు తిప్పినప్పుడు అనుకోకుండా తగలవచ్చు. పిల్లల చేతికిచ్చేటప్పుడు వాళ్ళను సూర్యుడికి వీపు తిప్పి నిలబెట్టండి.

నౌకాదళం చోట్లు. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. డాల్ఫిన్స్ నోస్ మీద చాలా భాగం, డాక్‌యార్డు, నేవల్ బేస్ పరిసరాలు నిషిద్ధ ప్రాంతాలు. రేవు, ఉక్కు కర్మాగారాల చుట్టూ సీఐఎస్ఎఫ్ కాపలా ఉంటుంది. ఆ గోడల దగ్గర బైనాక్యులర్ తీయకండి. ఎవరైనా యూనిఫాంలో ఉన్నవాళ్ళు అడిగితే వాదించకుండా పేరు చెప్పి, పక్షుల పుస్తకం చూపించి, వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోండి. నౌకాదళాన్ని తనివితీరా చూడాలంటే ఆర్కే బీచ్‌లో విన్యాసాలు జరిగినప్పుడు వెళ్ళండి. వేలమంది మధ్య, దర్జాగా చూడవచ్చు. హెలికాప్టర్లు వేగంగా కదులుతాయి కాబట్టి అక్కడా తక్కువ రెట్లు, ఎక్కువ వెడల్పే పనికొస్తాయి.

ఇరుగుపొరుగు. ఎంవీపీ కాలనీలో ఎదురు అపార్ట్‌మెంటు కిటికీ ఇరవై అడుగుల దూరంలో ఉంటుంది. బాల్కనీలో బైనాక్యులర్ పట్టుకుంటే మీరు చూసేది వేపచెట్టు మీద పికిలిపిట్టనే అయినా ఎదుటివాళ్ళకు ఆ సంగతి తెలియదు. స్త్రీల ఏకాంతంలోకి తొంగిచూడటం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మేడ మీదికి వెళ్ళి చూడండి, పక్కింటివాళ్ళను పిలిచి వాళ్ళకూ చూపించండి. అనుమానం పోతుంది, ఒక తోడు దొరుకుతుంది.

8. నెల రోజుల అభ్యాసం

పరికరం ఎంత మంచిదైనా రాసుకోని చూపు వారంలో చెదిరిపోతుంది. చూసింది రాసుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఏనాడో ఉన్నారు. 1840లో గోడే వెంకట జగ్గారావు ఇక్కడి డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని ఇక్కడి నుంచే గమనించి నమోదు చేశారు. మన కాలానికి వస్తే, తూర్పు కనుమల పక్షుల మీద కృషి చేసిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు ఒక పిట్టకే ఉండిపోయింది. ఈ కొండల్లో దొరికిన అబాట్స్ బ్యాబ్లర్ ఉపజాతికి 1985లో శాస్త్రవేత్తలు రిప్లే, బీలర్ ఆయన పేరు మీద ‘కృష్ణరాజుయి’ అని పెట్టారు. వీళ్ళను మనం గుర్తుపెట్టుకున్నది వాళ్ళ దగ్గరి పరికరాల వల్ల కాదు, చూసింది నమోదు చేసినందువల్ల. జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి బైనాక్యులర్‌తో పాటే కొనండి.

మొదటి వారం: ఓడలు. లంగరేసిన ఒక ఓడను ఎంచుకోండి. నీటి దగ్గర ఎర్రరంగు ఎక్కువగా కనిపిస్తే సరుకు తక్కువ ఉన్నట్టు, ఎరుపు మునిగిపోతే నిండుగా ఉన్నట్టు. వెనకభాగం మీద ఓడ పేరు, దాని కింద నమోదైన రేవు పేరు ఉంటాయి. తెలుపూ ఎరుపూ నిలువుగా సగం సగం ఉన్న జెండా ఎగిరితే రేవు పైలట్ ఎక్కాడని అర్థం.

రెండో వారం: దీపాలు. చీకటి పడ్డాక కదిలే ఓడకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. బీచ్ నుంచి చూస్తే ఎర్రది కనిపించే ఓడ భీమిలి వైపు, ఆకుపచ్చది కనిపించే ఓడ రేవు వైపు పోతున్నట్టు. రెండూ కనిపిస్తే మీ వైపే వస్తోంది. ముందు మీ అంచనా రాసి, పదినిమిషాల తర్వాత సరిచూసుకోండి.

మూడో వారం: ఒక్క పిట్ట. పది రకాల వెంట పడకుండా ఇంటి దగ్గరి లకుముకినో కాకినో ఐదు నిమిషాలపాటు బైనాక్యులర్ దించకుండా చూడండి. ముక్కు, కాళ్ళు, ఎగిరే ముందు ఏం చేస్తుందో మూడు వాక్యాలు రాయండి. చెయ్యి ఎంతసేపు నిలుస్తోందో కూడా రాయండి. ఆ సమయం పెరగడమే ఈ అభ్యాసం ఉద్దేశం.

నాలుగో వారం: చంద్రుడు. పౌర్ణమి నాడు కాకుండా సప్తమి, అష్టమి రోజుల్లో చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంటల నీడలు పొడుగ్గా పడి స్పష్టంగా తెలుస్తాయి.

నాలుగు వారాలయ్యాక నోట్‌బుక్ తిరగేయండి. పేజీలు నిండి ఉంటే మీకు ఇంకేం కావాలో ఇప్పుడు మీకే తెలుస్తుంది, స్టాండు కావాలో, మెరుగైన కటకాలు కావాలో. దుకాణదారు సలహా అక్కర్లేదు. పేజీలు ఖాళీగా ఉంటే మాత్రం ఇంకా పెద్దది కొంటే చూస్తానేమోనని మభ్యపెట్టుకోకండి. బీరువాలో బూజు పట్టకముందే దాన్ని ఏ బడికో, పిట్టల పిచ్చి ఉన్న ఏ పక్కింటి పిల్లకో ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు డబ్బా, సిలికా జెల్ కూడా ఇవ్వండి.